రెండించుల రఫీ

మా మామ ఇంటికి పోయినవాళ్లకు ముందు మంచినీళ్లు రావు, ప్రశ్న వస్తుంది.

"మాయాబజార్‌కు సంగీతం ఎవరిది?"

ఘంటసాల అన్నవాడికి సగం మార్కులు. తెర మీద ఆ పేరే పడుతుంది, అది చదవడంలో గొప్పేముంది? మొదట సాలూరి రాజేశ్వరరావు గారు కొన్ని పాటలకు బాణీలు కట్టి తప్పుకున్నారు, మిగిలింది ఘంటసాల పూర్తి చేశారు. 1957 నాటి ఆ పంపకంలో ఏ పాట ఎవరి వాటాకు వచ్చిందో అన్నదమ్ముల భూమి పట్టా చదివినట్టు చదవగలిగినవాడికే చాయ్. చదవలేనివాడికీ చాయ్ వస్తుంది, ఎందుకంటే అత్తమ్మ మంచిది. కానీ అది చల్లారేదాకా మామ ఆ పట్టా చదివి వినిపిస్తాడు. మా చుట్టాల్లో "చల్లారిన చాయ్ తాగొచ్చిన" అంటే జహనుమాలో మామ ఇంటికి పోయివచ్చారని అర్థం.

శాలిబండ, అలియాబాద్, షంషీర్‌గంజ్ దాటి ఇంజన్ బౌలి దగ్గర దిగి "పాటల సాబ్ ఇల్లు" అని అడిగితే చాలు, మూల మీద దర్జీ కొట్టు మాస్టర్ కత్తెరతో దారి చూపిస్తాడు. జహాన్ నుమా అంటే లోకాన్ని చూపించేదని అర్థం. పాయిగా అమీర్ల ప్యాలెస్ పేరు బస్తీకి మిగిలింది. పక్కన గుట్ట మీద ఉన్నది ఫలక్‌నుమా, అంటే ఆకాశాన్ని చూపించేది. లోకాన్నీ ఆకాశాన్నీ చూపించే పని నవాబులు చేసిపోయారు గనుక వినిపించే పని మామ నెత్తినేసుకున్నాడు. పైన ఫలక్‌నుమాలో 101 మంది కూర్చుని తినే భోజనాల బల్ల ఉంది. కింద మామ గదిలో ఒక్కరు కూర్చోవాలంటే ముందు కుర్చీలోంచి కె.వి. మహదేవన్‌ను, కిటికీలోంచి చక్రవర్తిని తీసి మంచం మీద పెట్టాలి. మంచం మీద అప్పటికే ఇళయరాజా పడుకుని ఉంటాడు.

ఇలాంటి మనిషి ప్రతి బస్తీలో ఒకడుంటాడు. మీ వాడలోనూ ఉండే ఉంటాడు. మీరు సందు మార్చి తిరుగుతూ ఉండి ఉంటారు. పాటల పిచ్చోడంటే మాత్రం ఆయన ఒప్పుకోడు. పాట వినేవాడు వేరు, ఆల్బం వినేవాడు వేరు.

"పాట ఒక్కటే ఇనుడంటే, పెండ్లికి పోయి తాంబూలం తీస్కొని వచ్చినట్టు," అంటాడు మామ. "ఎదురుకోళ్లు సూడలె, తలంబ్రాలు సూడలె, బువ్వ తినలె. నువ్వు పెండ్లికి పోయినవా, తమలపాకుల దుకాణానికి పోయినవా?"

శంకరాభరణం క్యాసెట్ ఆయన చెవిలో ఎట్లా కూర్చుందంటే, ఒక పాట అయిపోగానే వచ్చే నాలుగు సెకన్ల నిశ్శబ్దంలో తరవాతి పాట శ్రుతి ఆయనకు ముందే వినబడిపోతుంది. ఏ పెళ్లిలోనో, బస్సులోనో ఆ పాట తరవాత ఇంకో సినిమా పాట వచ్చిందా, మెట్టు ఉందనుకుని చీకట్లో కాలు వేసినవాడిలా తూలిపోతాడు. 1980లో వచ్చిన ఆ సినిమాకు సంగీత దర్శకుడు మహదేవన్‌కు, పాడిన బాలుకు, వాణీ జయరాంకు ముగ్గురికీ జాతీయ అవార్డులు వచ్చాయి. శాస్త్రీయంగా సంగీతం నేర్చుకోని బాలు ఆ కచేరీ పాటలు పాడాడు. ఇవన్నీ మామ చెప్పినవే. ఎప్పుడు చెప్పాడంటే, ఆ పాటలు మోగుతున్నప్పుడు.

అసలు బాధ అదే. మామ దగ్గర ఇన్నేళ్లు కూర్చుని కూడా నేను ఒక్క పాటైనా పూర్తిగా వినలేదు. చెప్పులు బయట విప్పాలి. పల్లవి అయ్యేదాకా బిస్కెట్ కొరకకూడదు, కరకరమంటుంది. దగ్గొస్తే చరణానికీ చరణానికీ మధ్య దగ్గాలి. ఈ కట్టుబాట్లన్నీ మనకే. తను మాత్రం మీట నొక్కిన మరుక్షణం మొదలుపెడతాడు. "ఆగు, ఇగ వస్తది సూడు. ఇప్పుడు వయొలిన్లు తగ్గుతయి. తగ్గినయా? ఇగ వీణ. వీణ ఎట్ల వస్తదో ఇను. గంత మెల్లగ, చెప్పులు చేతుల పట్టుకొని ఇంట్లకు వచ్చినట్టు వస్తది." ఆ చెప్పులు చేత పట్టుకుని రావడం ఆయన వర్ణించేలోపు వీణ వచ్చి, మామ మాటల వెనక కాసేపు నిలబడి, ఎవరూ పలకరించక వెళ్లిపోతుంది. "ఇన్నవా?" అంటాడు. విన్నానంటాను. ఇప్పటికీ ఎక్కడైనా ఆ పాట వస్తే వీణకు ముందు "ఇగ వస్తది సూడు" అని ఒక గొంతు కోసం నా చెవి ఎదురుచూస్తుంది. అది రాకపోతే వీణ కూడా రానట్టే ఉంటుంది.

మామ ఒక సర్కారు ఆఫీసులో సెక్షన్ గుమాస్తాగా చేసి రిటైరైనాడు. ఆఫీసులో నేర్చిన క్రమశిక్షణ అంతా ఇంటి కోసం దాచిపెట్టుకున్నాడని ఆయనతో పనిచేసినవాళ్లు అనేవారు. క్యాసెట్ ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే ఎర్ర అట్ట రిజిస్టర్ ఉంది. నంబరు, తీసుకున్నవారి పేరు, ఇచ్చిన తేదీ, తిరిగొచ్చిన తేదీ, చివర పాత హైదరాబాద్ దఫ్తర్ల వాసనతో కైఫియత్ అనే గడి. ఆ గడిలో నేను చదివినవి కొన్ని: "మూతకు పగులు." "రివైండ్ చేయకుండా ఇచ్చినాడు." "క్యాసెట్ మంచిగనే ఉంది, మనిషి మంచోడు కాదు."

మా పెద్దక్కకు చూసిన ఒక సంబంధం ఈయన వల్లే తప్పింది. పెళ్లికొడుకు పొడుగు, రంగు, కొలువు అన్నీ కుదిరాయి. మామ గొంతు సవరించుకుని ఏ పాటలు వింటావు బాబూ అన్నాడు. అన్నీ వింటానండి అన్నాడు ఆ పిల్లవాడు పాపం వినయంగా. బయటకొచ్చి మామ చెప్పులు తొడుక్కుంటూ, "అన్నీ తింటా అన్నోనికి నాలుక లేనట్టే, అన్నీ ఇంటా అన్నోనికి చెవులు లేవు. పోదాం నడువుండ్రి," అన్నాడు.

కొనేందుకు డబ్బుల్లేని రోజుల్లో పాటలు రేడియో నుంచి పట్టుకోవడమే. వివిధ భారతిలో ఫలానా పాట అనగానే టేప్‌రికార్డర్‌ను రేడియో నోటి దగ్గర పెట్టి, రెండు మీటలు కలిపి నొక్కి, ఇల్లంతా ఊపిరి బిగపట్టాలి. పిల్లలం మంచాల మీద కొయ్యబొమ్మల్లా ఉండేవాళ్లం. 1983లో సాగరసంగమం వచ్చిన కొత్తలో అలా పట్టుకున్న పాట ఒకటి ఉంది. రెండో చరణం మొదట్లో, బాలు గొంతు పైకి లేస్తున్న చోట, వంటింట్లో అత్తమ్మ కుక్కర్ విజిల్ వేసింది. మామ ఆ పూట పప్పు తినలేదు. మళ్లీ ఆ పాట రేడియోలో వచ్చినప్పుడు కరెంటు లేదు. ఆ తరవాత వచ్చినప్పుడు ఆఫీసులో ఉన్నాడు. అలా ఆ విజిల్ పాటతోనే ఉండిపోయింది. ఏళ్లు గడిచాయి. మేనల్లుడిగా నా వంతు సేవ అనుకుని 4,000 పాటలు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి తీసుకుపోయాను. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి బి సైడు ఏదిరా?" అన్నాడు. పాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల వరసలో హాజరుపట్టీ లాగా వస్తుంటే ఆయన మొహం చూడలేకపోయాను. సరే, కనీసం సాగరసంగమం విను మామా, అచ్చంగా కొత్తగా ఉందని ఆ పాట పెట్టాను. రెండో చరణం వచ్చింది. మామ వేలు గాలిలోకి లేచింది. బాలు గొంతు పైకి లేచింది. ఏమీ కాలేదు. మామ వేలు అక్కడే ఉంది.

"విజిలేదిరా?" అన్నాడు.

వంటింట్లోంచి అత్తమ్మ, "ఉప్మా జేస్తున్న, ఇయాల రాదు," అంది.

ఆ ఇంట్లో టేప్‌రికార్డర్‌కు అన్ని మీటలూ నిగనిగలాడుతూ ఉండి పాజ్ మీట ఒక్కటే అరిగిపోయి గుంట పడింది. చుట్టూ నాలుగు మసీదులు. అజాన్ వినబడగానే పాట ఎక్కడుంటే అక్కడ ఆగుతుంది. నాలుగు చోట్లా ఒకే నిమిషానికి మొదలు కాదు. ఒకటి ముగిసిందని వేలు మీట మీదికి పోయేసరికి ఇంకోటి అందుకుంటుంది. మామ ఓపికగా ఆగుతాడు. ఆయన నోరు మూసుకుని కూర్చునేది అప్పుడే గనుక మేమూ ఓపికగా ఆగుతాం.

ఇంకోసారీ నోరు మూసుకున్నాడు. నాకు పన్నెండేళ్లప్పుడు సుల్తాన్‌షాహీ పక్క దాయెరా మీర్ మోమిన్‌కు నడిపించుకుపోయాడు. బడే గులాం అలీ ఖాన్ సమాధి అక్కడుంది. లాహోర్ పక్క కసూర్‌లో పుట్టి, దేశమంతా పాడి, 1968లో మన బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో కన్నుమూసిన ఉస్తాద్. మొఘల్-ఎ-ఆజమ్‌లో పాటకు 25,000 అడిగి తీసుకున్నాడని, అప్పుడు రఫీకి, లతకు పాటకు అయిదు వందలు కూడా లేదని దారి పొడుగునా మామ చెప్తూనే ఉన్నాడు. సమాధి ముందు నిలబడ్డాక ఒక్క మాట లేదు. ఎండలో అయిదు నిమిషాలు. టేపు మోగనిదే మాట్లాడటం ఆయనకు అలవాటు లేదని అప్పుడు అర్థమైంది నాకు. తిరిగొచ్చేటప్పుడు పక్కనుంచి ఆటో పాటలు పెట్టుకుని పోయింది, మామకు మాట వచ్చింది.

మర్ఫా సంగతి చెప్పకపోతే ఇది జహనుమా కాదు. ఒక రాత్రి పదకొండు దాటాక మామ 'హౌ టు నేమ్ ఇట్' వింటున్నాడు. 1986లో ఇళయరాజా త్యాగరాజుకూ బాఖ్‌కూ అంకితం చేసిన వాద్యాల ఆల్బం. అందులో పాట మాటలుండవు. ఆ లోటు తీర్చడానికి మామ ఉన్నాడు. సరిగ్గా ఆ సమయానికి సందులోకి బారాత్ వచ్చింది. ముందు మర్ఫా. నిజాం ఫౌజులోకి ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలూ, బార్కస్‌లో స్థిరపడ్డ యెమెన్ అరబ్బులూ వాయించిన దరువు అది. ఇప్పుడు పాతబస్తీలో పెళ్లికొడుకూ దానికే కదులుతాడు, బోనాల ఫలహార బండీ దానికే కదులుతుంది. కిటికీ రేకులు అదురుతున్నాయి. మామ లేచి పిట్టగోడ మీదికి వంగి "ఓ భాయ్! ఆపుండ్రి!" అని అరిచాడు. ఆగింది. కింద వాళ్లకు ఇలాంటి అరుపులు కొత్త కాదు. పెళ్లివారి పెద్దమనిషి చేతులు జోడించి, పదే నిమిషాలు సాబ్ అన్నాడు.

"పది గాదు, గంట కొట్టుండ్రి. గా ఎడమ దిక్కు పిల్లగాడు ఉరుకుతుండు. మూడో దెబ్బ ముందుగాల్నే ఏస్తుండు. మల్ల మొదటి నుంచి కొట్టుండ్రి."

మళ్లీ మొదటి నుంచి కొట్టారు. పెళ్లికొడుకు సెహరా పూల వెనక నుంచి పైకి చూస్తూ నిలబడ్డాడు. మూడోసారికి మామ తల ఊపాక గానీ బారాత్ ముందుకు సాగలేదు.

రఫీ గొడవ మొదలైంది దర్జీ మాస్టర్ కొట్టులో. మాస్టర్‌కు లోకంలో గొంతు ఒక్కటే, రఫీ సాబ్‌ది. గోడ మీద అరచేతంత ఫోటో, దాని చుట్టూ కత్తిరించిన సిల్కు ముక్కతో అంచు. ఒకరోజు మామ లాల్చీ కొలతలిస్తూ, మీ రఫీ మా ఎన్.టి.రామారావుకు పాడిండు తెలుసా అన్నాడు.

"మజాక్ జేస్తున్నరా సాబ్? రఫీ సాబ్ తెలుగు కైకు పాడ్తరు?"

"భలే తమ్ముడు, 1969. టి.వి. రాజు సంగీతం. మల్ల 1976ల ఆరాధన."

"నక్కో సాబ్. రఫీ సాబ్ అంటె రఫీ సాబ్. తెలుగు నక్కో."

ఈ మాటకు మామ మూడు రోజులు నిద్రపోలేదు. ఆల్బం తప్ప పాటను ముట్టని మనిషి, జీవితంలో ఒకే ఒక్కసారి కలగూరగంప కట్టించాడు. కాగితం మీద పాటల వరస రాసుకుని కోఠీ దాకా పోయి, రికార్డింగ్ దుకాణంలో సి-60 ఖాళీ క్యాసెట్‌లో నింపించాడు. ఎ సైడు మొత్తం తెలుగు రఫీ. బి సైడు ఖాళీగా వదలడం ఇష్టం లేక ఘంటసాల పాడిన కరుణశ్రీ పుష్పవిలాపం పద్యాలు, ఇంకొన్ని పద్యాలు. రిజిస్టర్‌లో ఎక్కించి, సంతకం పెట్టించి మాస్టర్ చేతిలో పెట్టాడు.

మాస్టర్ విన్నాడు. ఆ రోజు ఒక్క కాజా కుట్టలేదంటారు. సాయంత్రం మామ పోతే కళ్లు తుడుచుకుంటూ, "ఇన్ని దినాలకు ఒక్కడు మంచిగ తెలుగు మాట్లాడిండు సాబ్. మొత్తం సమజైంది," అన్నాడు. నలభై ఏళ్లుగా మాస్టర్‌తో తెలుగులో మాట్లాడుతున్న మామ ఏమీ అనలేదు. ఇంకో వారం ఉంచుకోమన్నాడు.

ఆ వారంలోనే మాస్టర్ టేపు క్యాసెట్ రీలు మింగింది. అందరికీ జరిగేదే. మూత తెరిస్తే గోధుమరంగు రీలు నూడిల్స్‌లా చక్రానికి చుట్టుకుని ఉంటుంది. అందరిలా మాస్టర్ కూడా భయపడి ఉంటే బాగుండేది. ఆయన దర్జీ. నలిగింది కనబడితే చెయ్యి ఊరుకోదు. రీలు మెల్లగా బయటికి లాగి, ఇస్త్రీ చేద్దామా అని ఒక క్షణం ఆలోచించి మానుకుని (ఈ మాట ఆయనే చెప్పాడు, మామ ఇప్పటికీ దీనికి ఉలిక్కిపడతాడు), నలిగిన మేరకు సుద్దతో గీత పెట్టి, ఇంచు టేపుతో కొలిచి, పెద్ద కత్తెరతో చక్కగా కత్తిరించాడు. రెండు అంచులూ కలిపి సెల్లోటేపు వేశాడు. కింద ఒక కొస కొంచెం ఎక్కువ మడిచి పెట్టాడు కూడా, రేపు వదులు చేయాల్సి వస్తే పనికొస్తుందని.

"రెండించులే సాబ్," అన్నాడు క్యాసెట్ తిరిగిస్తూ. "రెండించులల్ల కాలర్ గూడ తిరగది."

మామ ఇంటికొచ్చి విన్నాడు. క్యాసెట్‌లో రీలు సెకనుకు రెండించులకు కొద్దిగా తక్కువ నడుస్తుంది. అంటే రఫీది ఒక సెకను పోయింది. రెండో పాటలో, రామారావు కోసం గొంతు కాస్త లావు చేసుకుని రఫీ ఒక మాట మీద నిలబడే చోట, ఆ మాట తల ఉంది, తోక ఉంది, నడుము లేదు. మామ దాన్ని పదిసార్లు విన్నాడు. మాట్లాడకుండా విన్నాడని అత్తమ్మ మాకు ఫోన్ చేసి చెప్పింది, ఒంట్లో బాగాలేదేమో వచ్చి చూడమని.

నేను పోయేసరికి కాస్త తేరుకున్నాడు. పోనీలే, మాస్టర్ పాపం కావాలని చెయ్యలేదు, మిగతాది ఉంది కదా అని మనసు మళ్లించుకోవడానికి క్యాసెట్ తిప్పి బి సైడు పెట్టాడు. ఘంటసాల గొంతు గదిలో పరుచుకుంది. పువ్వు మాట్లాడుతోంది. మామ మొహంలో నెత్తురు కనిపించింది, "ఇగ సూడు" కూడా మొదలైంది. ఒక పద్యం, రెండు పద్యాలు. చివరాఖరి పద్యానికి వచ్చాం. మూడో పాదంలో ఘంటసాల ఎక్కిళ్లు వచ్చినట్టు ఒక్క గెంతు గెంతి అవతల పడ్డాడు.

మామ లేచి నిలబడ్డాడు.

అప్పుడు తెలిసింది మా ఇద్దరికీ. క్యాసెట్‌కు రెండు సైడులుంటాయి గానీ రీలు ఒక్కటే. పైసగం ఇటు నడిస్తే కిందిసగం అటు నడుస్తుంది. ఎ సైడు మొదట్లో కత్తెర పడితే అది బి సైడు చివరికి తగులుతుంది. మాస్టర్ రఫీ ఒక్కణ్నే కోశాననుకున్నాడు. పాటలో ఒక సెకను పోతే ఎట్లాగో సర్దుకుంటాం. పద్యంలో పోతే గణభంగం.

నన్ను వెంటబెట్టుకుని కొట్టుకు పోయాడు. మాస్టర్ మిషన్ మీదున్నాడు.

"మాస్టర్, ఘంటసాలను గూడ కోసినవ్."

మాస్టర్‌కు అర్థం కాలేదు. మామ క్యాసెట్ తెరిచి, అటు తిప్పి, ఇటు తిప్పి, అంతా వివరించాడు. మాస్టర్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని రీలును వెలుతురుకు ఎత్తి పట్టి చాలాసేపు చూశాడు. తరవాత నిజంగానే కోపమొచ్చినవాడిలా అన్నాడు:

"లోపల అస్తర్ ఉన్నదని ముందే చెప్పద్దా సాబ్? అస్తర్ బట్ట గట్ల కోస్తమా?"

దీనికి మామ దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి ఎర్ర రిజిస్టర్ తెరిచి, కైఫియత్ గడిలో రాశాడు: "ఎ సైడు రెండించులు, బి సైడు రెండించులు. మొత్తం నాలుగించులు బాకీ."

ఆ క్యాసెట్ ఇప్పటికీ మోగుతుంది. మాస్టర్ మిషన్ తొక్కుతూ ఆ తెలుగు రఫీ పాట తీస్తాడు. ఆ మాట దగ్గరికి రాగానే పెడల్ మీద కాలు లేస్తుంది, సూది ఆగుతుంది, నడుము లేని మాటను అంతే దాటి మళ్లీ తొక్కుతాడు. మామ కూడా స్నానాల గదిలో సరిగ్గా అక్కడే ఒక చెంబు నీళ్లు పోసుకుంటాడు. ఈ మధ్య ఎవరో పిల్లవాడు ఫోన్లో ఆ పాట మొత్తం పెడితే ఇద్దరూ ఒకేసారి తల అడ్డంగా ఊపారు.

బాకీ సంగతి కూడా చెప్పాలి. ఆ ఏడు దసరాకు మాస్టర్ కుట్టిన మామ లాల్చీ మోకాళ్లు దాటి పిక్కల దగ్గర ఆగింది. కొలత తప్పిందేమని అడిగితే మాస్టర్ మెడలోంచి ఇంచు టేపు తీసి అంచు దగ్గర పెట్టి చూపించాడు. నాలుగించులు ఎక్కువ.

"ఇగ లెక్క సాఫ్ సాబ్. మీ బుక్కుల కొట్టేయుండ్రి."

మామ ఆ లాల్చీ తొడుక్కునే జమ్మికి పోయాడు. రిజిస్టర్‌లో మాత్రం ఇంకా కొట్టేయలేదు. ఉతికితే ఎంత కుంచించుకుపోతుందో చూడాలంటాడు.